మందారపై పిండినల్లి, మిరపలో ముడత, రాలిపోయే బీర పిందెలు: మందు కంటే ముందు చూడవలసినవి

మీరు అడిగినదాన్ని ముందుగా ఒకసారి చెప్పుకుంటాను. హైదరాబాద్‌లో మిద్దె మీద సుమారు 40 కుండీల్లో మొక్కలు పెంచుతున్నారు. మందార కొమ్మల చివర్లకు తెల్లని దూదిలాంటిది పట్టింది. మిరపలో చిగురాకులు ముడుచుకుపోతున్నాయి. బీర తీగకు పిందెలు వస్తున్నాయి గాని వేలెడంత కాకముందే పసుపెక్కి రాలిపోతున్నాయి. హాల్లో ఉన్న మనీప్లాంట్ కుండీ చుట్టూ సన్నని నల్లటి ఈగలు ముసురుతున్నాయి. అన్నింటికీ కలిపి మూడు వారాలు వేపనూనె కొట్టినా గుణం కనిపించలేదు. మందుల దుకాణంలో అడిగితే పొలానికి వాడే మందును ఒక చిన్న సీసాలో పోసి ఇచ్చారు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉందని దాన్ని కొట్టకుండా ఆగి, ఏం చేయాలో చెప్పమంటున్నారు.

ఆ సీసా సంగతి ముందు తేల్చుకుందాం. దయచేసి దాన్ని వాడవద్దు. లేబుల్ లేని సీసాలో పోసి ఇచ్చిన మందు పేరేమిటో, ఎంత మోతాదో, కొట్టిన తర్వాత ఎన్ని రోజులు కాయ కోయకూడదో మీకు తెలియదు. మన దేశంలో అమ్మే ప్రతి పురుగుమందు డబ్బా మీద డైమండ్ ఆకారపు గుర్తు ఒకటి ఉంటుంది. ఎరుపు రంగుంటే అత్యంత విషపూరితం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా విషం తగ్గుతూ వస్తుంది. సీసాలోకి వంపిన క్షణంలోనే ఆ గుర్తు మీకు అందకుండా పోయింది. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందును కూరగాయల మీద వాడకూడదని ప్రభుత్వం 2005లోనే నిషేధించినా, ఆ తర్వాత చాలా ఏళ్లపాటు అది కూరగాయల మళ్లలో పడుతూనే ఉండేదని ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. పైగా పొలంలో మందు కొట్టిన రైతు వారం పది రోజులు ఆగి కోయగలడు, మిద్దెతోటలో మనం సాయంత్రం మందు కొట్టి, తెల్లవారి పప్పులోకి నాలుగు మిరపకాయలు తుంపుకునేవాళ్లం. ఆ సీసాను సింకులోగాని, మురుగు కాలువలోగాని పోయకండి, వంటింట్లో అసలే ఉంచకండి. మూత బిగించి, పాపకు అందని చోట తాళం వేసి, వీలైనంత త్వరగా ఇచ్చిన దుకాణానికే తిరిగి అప్పగించండి.

ఇక అసలు విషయం. మీరు చెప్పిన నాలుగు సమస్యలకు నాలుగు వేర్వేరు కారణాలున్నాయి, అందులో బీర పిందెలది బహుశా పురుగు సమస్యే కాకపోవచ్చు. ఇరవై ఏళ్లకు పైగా మిద్దె మీద కూరగాయలు పెంచుతున్న నాకు కనిపించినంతలో, ఇళ్లలో మందు పని చేయకపోవడానికి మందు తప్పు తక్కువ, ఎదుట ఉన్నది ఏ పురుగో చూసుకోకుండా కొట్టడమే ఎక్కువ. కాబట్టి స్ప్రేయరు పక్కన పెట్టి, 10 రెట్లు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం ఒకటి కొనుక్కోండి. దాని ఖరీదు ఒక సీసా వేపనూనెను మించదు. రోజూ నీళ్లు పోసేటప్పుడు నాలుగైదు మొక్కల ఆకులను తిరగేసి అడుగుభాగం చూడటం అలవాటు చేసుకుంటే, పది పురుగులున్నప్పుడే మీ కంటపడతాయి, వెయ్యి అయ్యేదాకా ఆగవు.

మందారతో మొదలుపెడతాను. తెల్లని దూదిలా కనిపించేది పిండినల్లి, కొన్ని ప్రాంతాల్లో పిండిపురుగు అంటారు. ఆ తెల్లదనం పురుగు ఒంటి మీది మైనపు పొడి. నీళ్లుగాని, పలుచని మందుగాని దాని మీద పడితే తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతాయి, మీ వేపనూనె పని చేయకపోవడానికి మొదటి కారణం ఇదే. ఆ దూది ముద్దను పుల్లతో మెల్లగా విప్పి భూతద్దంతో చూడండి. లోపల లేత పసుపు లేదా గులాబి రంగులో గుడ్లు వందల సంఖ్యలో ఉంటాయి. వాటి నుంచి వచ్చే పిల్లలకు మొదట్లో మైనం ఉండదు, అవి చకచకా పాకుతూ పక్క కొమ్మకు, పక్క కుండీకి చేరుతాయి. మనం మందుతో సులువుగా దెబ్బతీయగలిగేది ఆ పిల్ల దశనే. అందుకే ఒకసారి కొట్టి ఊరుకుంటే ప్రయోజనం ఉండదు. ఈరోజు గుడ్డులో ఉన్నది వారం తర్వాత పిల్లగా బయటికి వస్తుంది, ఆ వారానికి మళ్లీ కొట్టాలి, ఆపై వారానికి ఇంకోసారి.

పిండినల్లి ఉన్న కొమ్మ మీద చీమలు వరుసగా ఎక్కి దిగుతుండటం మీరు గమనించే ఉంటారు. పిండినల్లి చెట్టు రసం పీల్చి తేనెలాంటి జిగురును విసర్జిస్తుంది, చీమలు వచ్చేది దానికోసం. ఆ జిగురు కోసమే అవి పిండినల్లిని తినవచ్చే పురుగులను తరిమికొడతాయి. కింది ఆకుల మీద నల్లటి మసి పట్టినట్టు కనిపించేది కూడా ఆ జిగురు మీద పెరిగే బూజే, దానికి వేరే మందు అక్కరలేదు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. కాబట్టి చీమల రాకను ఆపకుండా పిండినల్లిని అదుపు చేయాలనుకోవడం, కుళాయి కట్టకుండా నేల తుడవడం లాంటిది. మందార మొదలు చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున ఒక మందపాటి కాగితం చుట్టి, ఆ కాగితం మీద గ్రీజు పూయండి. గ్రీజును నేరుగా బెరడుకు పూయకూడదు. మొక్క కొమ్మలు గోడకుగాని, బట్టలారేసే తీగకుగాని తగలకుండా చూడండి, తగిలితే చీమలు ఆ దారిన వచ్చేస్తాయి. కొందరు కుండీ కింద నీళ్ల పళ్లెం పెడతారు. మన నగరాల్లో డెంగీ దోమ పుట్టేది అలాంటి నిలవ నీటిలోనే కనుక నేను ఆ పద్ధతి వద్దంటాను.

ఆ తర్వాత దట్టంగా పట్టిన కొమ్మల చివర్లను ఒక జానెడు మేర కత్తిరించి, నేరుగా సబ్బునీళ్ల బకెట్లో వేయండి. కంపోస్టు డబ్బాలో వేయకండి, మొక్కల పక్కన కుప్ప పోయకండి. మిగిలిన వాటిని పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, పైపు నీళ్లు గట్టిగా కొట్టి కడగండి. మందార ఈ దెబ్బను తట్టుకుంటుంది, నెల తిరిగేసరికి కొత్త చిగుళ్లు వేస్తుంది. మందు పిచికారీ ఇదంతా అయ్యాకే. ఇంటి లోపలి క్రోటన్ల వంటి చిన్న మొక్కలకైతే, 70 శాతం ఐసోప్రొపైల్ స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్క పురుగునూ అద్దితే మైనం కరిగి అక్కడికక్కడే చస్తుంది. ముందు ఒక ఆకు మీద పరీక్షించి, రెండు రోజులు చూసి, మాడకపోతేనే మిగతా మొక్కకు చేయండి. స్పిరిట్ మంటకు అంటుకుంటుంది కనుక పొయ్యికీ దీపానికీ దూరంగా ఉండాలి.

ఇక్కడ నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెప్పాలి, మీరు అది చేయకూడదని. మిద్దెతోట మొదలుపెట్టిన రెండో ఏడు, మందార మీద మామూలు పిండినల్లి కంటే రెండు మూడు రెట్లు పెద్దగా, ఒళ్లంతా పొడవాటి తెల్లని మైనపు పోగులతో ఉన్న పురుగులు కనిపించాయి. ఇవి బాగా ముదిరిన పిండినల్లి కాబోలనుకుని రెండు రోజులపాటు ఏరి ఏరి సబ్బునీళ్లలో వేశాను. మూడో రోజు ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తే అది చురుగ్గా పరుగెత్తింది. పిండినల్లి అలా పరుగెత్తదు. అది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లిని తినడమే దాని పని, ఆ వేషంలో ఉండబట్టే చీమలు దాన్ని అంతగా పట్టించుకోవు. ఆస్ట్రేలియాకు చెందిన ఈ పురుగును 1898లోనే మన దేశానికి తెచ్చారు. పెరిగిన పురుగు ముదురు గోధుమ నలుపులో ఉండి, తల వైపూ తోక వైపూ నారింజ రంగుతో ఉంటుంది. నా మొక్కను కాపాడటానికి వాటంతట అవి వచ్చిన వాటిని నా చేతులతోనే చంపానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. కాబట్టి తెల్లగా ఉన్నదల్లా శత్రువనుకోకండి. పుల్లతో తాకి చూడండి, బద్ధకంగా కదిలితే పిండినల్లి, గబగబా పారిపోతే దాన్ని వదిలేయండి.

మిత్ర పురుగుల బలం ఎంతటిదో తెలియాలంటే బొప్పాయి పిండినల్లి చరిత్ర చూడాలి. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో తొలిసారి కనిపించిన ఈ పురుగు రెండేళ్లలో బొప్పాయిని, మల్బరీని, కర్రపెండలాన్ని, మందారను కూడా తీవ్రంగా దెబ్బతీసింది. రసాయనాలు ఎన్ని కొట్టినా మైనం వల్ల లొంగలేదు. 2010లో బెంగళూరులోని కేంద్ర పరిశోధన సంస్థ ప్యూర్టోరికో నుంచి అసిరోఫాగస్ పపాయే అనే, కంటికి సరిగ్గా ఆనని చిన్న కందిరీగ జాతిని తెప్పించి తోటల్లో వదిలింది. అది పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలి నుంచే దాన్ని తినేస్తుంది. కొద్ది నెలల్లోనే ఆ పురుగు అదుపులోకి వచ్చింది. మీ మందార మీద గోధుమరంగులో ఉబ్బి, చిన్న రంధ్రం పడి, ఎండిపోయిన పిండినల్లులు కనిపిస్తే ఇలాంటి కందిరీగ ఏదో మీ మిద్దె మీదకు వచ్చిందని అర్థం. అప్పుడు వారం పది రోజులు ఏ మందూ కొట్టకుండా ఆగడమే మంచి వైద్యం.

మీరు కొట్టిన వేపనూనె గురించి ఇప్పుడు చెబుతాను. నూనె నీటిలో కలవదు. నేరుగా నీళ్లలో పోసి ఊపితే పైకి తేలిపోతుంది, స్ప్రేయరు మొదట నీళ్లను, చివర నూనెను చిమ్ముతుంది. అంటే మొదటి మొక్కలకు మందు అందదు, చివరి మొక్కల ఆకులు నూనె ఎక్కువై మాడతాయి. నేను చేసే పద్ధతి ఇది. అయిదారు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, పెచ్చులను రాత్రి ఒక గ్లాసు నీళ్లలో నానబెట్టి, పొద్దున పిసికి, పాత నూలు గుడ్డలో వడగడతాను. ఆ రసంలో 5 మిల్లీలీటర్ల వేపనూనె పోసి, నూనె చుక్కలు కనిపించకుండా పాలలా తెల్లబడేవరకు చిలికి, అప్పుడు మిగతా నీళ్లు కలిపి లీటరు చేస్తాను. కలిపినది ఆ పూటే వాడాలి. వేపలో పురుగు మీద పని చేసే అజాడిరాక్టిన్ అనే పదార్థం ఎండ తగిలితే త్వరగా విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం 5 గంటలు దాటాక, ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టాలి. అది తగిలిన వెంటనే పురుగు చచ్చి రాలదు. తినడం మానేస్తుంది, కుబుసం విడవలేక క్రమంగా చస్తుంది. మరునాడు చూసి పని చేయలేదని నిర్ణయానికి రావడం తొందరపాటు.

ఇంకో మాట, దీపారాధనకని అమ్మే వేపనూనెలో వేరే నూనెలు కలిసి ఉండవచ్చు, మొక్కలకు గానుగ నూనె గాని, అజాడిరాక్టిన్ ఎంత ఉందో లేబుల్ మీద ముద్రించిన మందు గాని తీసుకోండి. 1,500 పీపీఎం (పది లక్షల వంతుల్లో 1,500 వంతులు) అని ఉంటే లీటరుకు 5 మిల్లీలీటర్లు, 10,000 పీపీఎం అయితే లీటరుకు 1 మిల్లీలీటరు సాధారణ మోతాదు. మీ ఊరి నుంచి వేపగింజలు దొరికితే అంతకంటే మేలు లేదు. పప్పు తీసి పొడి చేసి, 50 గ్రాముల పొడిని పలుచని గుడ్డలో మూటకట్టి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున మూటను పిండితే 5 శాతం కషాయం తయారవుతుంది. మార్చి నుంచి మే వరకు మిట్టమధ్యాహ్నం నూనె మందు ఏదైనా సరే కొట్టకండి, ఆకులు ఖాయంగా మాడతాయి.

మిరప ముడత మీద కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే పైకి ఒకేలా కనిపించే ముడతకు కనీసం మూడు కారణాలున్నాయి, మూడింటి వైద్యమూ వేరు. ముడిచిన చిగురాకును ఒకటి తెంపి చేతిలో పెట్టుకోండి. అంచులు పైకి లేచి ఆకు దోనెలా అయితే దాన్ని రైతులు పైముడత అంటారు, కారణం తామర పురుగులు. అంచులు కిందికి వంగి ఆకు బోర్లించిన పడవలా ఉండి, తొడిమ మామూలు కంటే పొడవుగా సాగి, ఆకు ముదురు ఆకుపచ్చగా ఉంటే అది కిందిముడత, కారణం తెల్లనల్లి. అలా కాకుండా ఆకులు చిన్నవై, బొబ్బలెక్కినట్టు ఉబ్బెత్తుగా, లేత పసుపుగా మారి, కణుపులు దగ్గరపడి మొక్క మొత్తం గుబురుగా గిడసబారితే అది బొబ్బర తెగులు, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్.

అనుమానం తీరాలంటే తెల్ల కాగితాన్ని చిగురు కింద పట్టి కొమ్మను వేలితో రెండుసార్లు తట్టండి. సన్నని దారపు ముక్కల్లాంటి పురుగులు కాగితం మీద పాకితే తామర పురుగులే. అవి 2 మిల్లీమీటర్లకు మించవు. నల్లనివి పువ్వుల లోపల గుంపులుగా కనిపిస్తే అది 2021లో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ మిర్చి రైతులను నిలువునా ముంచిన నల్లతామర పురుగు కావచ్చు. 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మొదట గుర్తించిన ఈ విదేశీ పురుగు ఆరేళ్లకు మన మిర్చి చేలకు చేరి పూతనంతా రాల్చేసింది. ఖమ్మం, వరంగల్, గుంటూరు రైతులు ఆ ఏడాది కొట్టని మందు లేదు, ఎక్కువ కొట్టిన చేలలో మిత్ర పురుగులు చచ్చి బెడద ఇంకా పెరిగింది. తెల్లనల్లి అయితే కాగితం మీద కూడా కంటికి ఆనదు, ఆకు అడుగున భూతద్దం పెట్టి చూడాలి.

తామర పురుగుకు నీలిరంగు జిగురు అట్టలు, తెల్లదోమకూ పేనుబంకకూ పసుపురంగు అట్టలు మొక్కల ఎత్తున కట్టండి. 40 కుండీలకు రెండేసి చాలు. అట్టలు పురుగును అంతం చేయవు, ఎంత ఉందో మనకు చెబుతాయి. వారానికి రెండుసార్లు పొద్దున్నే ఆకుల అడుగున నీటిని జల్లుగా కొట్టి, సాయంత్రం వేప కషాయం పిచికారీ చేయండి. ఎండిన ఆకులను కుండీ మట్టి మీద పరిచి తేమ ఆరిపోకుండా ఉంచితే మేలు, ఎందుకంటే ఎండకు, నీటి ఎద్దడికి లోనైన మొక్కల మీద తామర పురుగు తొందరగా పెరుగుతుంది. తెల్లనల్లికి వేప అంతగా చాలదు. నీటిలో కరిగే గంధకాన్ని లీటరుకు 3 గ్రాములు కలిపి, చల్లటి వేళ, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. నూనె మందు కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొడితే ఆకులు మాడిపోతాయి, మీరు నిన్న మొన్నటిదాకా వేపనూనె కొట్టారు కనుక ఇది తప్పక గుర్తుంచుకోండి. బీర, దోస తీగల మీద ఆ గంధకం పడనివ్వకండి, వాటికి గంధకం గిట్టదు.

బొబ్బర తెగులు అని తేలితే మాత్రం ఆ మొక్కకు వైద్యం లేదు. పుల్లమజ్జిగ, ఇంగువ నీళ్లు, పసుపు, బూడిద ఏది కొట్టినా వైరస్ పోదు. పోయిందని చెప్పేవారు చాలావరకు పురుగుల వల్ల వచ్చిన ముడతను వైరస్ అనుకుని ఉంటారు. నెలల తరబడి పెంచిన మొక్కను పీకడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా పూత మీద ఉందనో, నాలుగు కాయలున్నాయనో దాన్ని ఉంచితే తెల్లదోమ అక్కడి నుంచి పక్కనున్న మిరపలన్నింటికీ అదే వైరస్‌ను చేరవేస్తుంది. సాయంత్రం తెల్లదోమ మందకొడిగా ఉన్నప్పుడు మొక్క మొత్తానికి ఒక ప్లాస్టిక్ సంచి తొడిగి, మూతి బిగించి, వేర్లతో సహా పీకి బయట పారేయండి. బెండలో ఆకు ఈనెలు పసుపెక్కే శంఖు రోగానికీ, టమాటా ఆకుముడతకూ ఇదే మాట వర్తిస్తుంది. ఇంకోటి, పొగాకు కషాయం కొట్టమని ఎవరైనా చెబితే వినకండి. నికోటిన్ మనకు కూడా విషమే, చర్మం ద్వారా ఒంట్లోకి దిగుతుంది, పైగా పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ మిరపకు, టమాటాకు అంటుకునే ప్రమాదం ఉంది.

బీర పిందెల విషయంలో మందు జోలికి వెళ్లకముందు రాలిన పిందెను ఒకదాన్ని నిలువుగా కోసి చూడండి. లోపల పురుగు లేకుండా, పైన గాటు గాని జిగురు బొట్టు గాని లేకుండా, కేవలం ముడుచుకుని పసుపెక్కి ఉంటే అది పరాగసంపర్కం జరగకపోవడమే. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఊళ్లో పెరటి బీరకు ఆ వేళలో చిమ్మటలూ తేనెటీగలూ వస్తాయి, నగరంలో నాలుగో అంతస్తు మిద్దె మీదకు అన్నిసార్లూ రావు. సాయంత్రం 6 గంటల ప్రాంతంలో, గుత్తులుగా వచ్చే మగపువ్వును ఒకటి తెంపి, రేకులు విరిచి, మధ్యలో పసుపు పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు మధ్యలో మెల్లగా తాకించండి. ఆడపువ్వు అడుగున చిన్న పిందె ఉంటుంది కాబట్టి పోల్చుకోవడం తేలిక. సొరకు కూడా సాయంత్రమే చేయాలి, కాకర, గుమ్మడి, నేతిబీరలకు పొద్దున్నే. ఇది చేసిన రెండు మూడు రోజులకు పిందె కిందికి వంగి సాగడం మొదలుపెడితే అంతా సరిపోయినట్టే.

కోసినప్పుడు లోపల తెల్లని పురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తే అది పండు ఈగ. ఆడ ఈగ లేత పిందెలో గుచ్చి గుడ్లు పెడుతుంది, గుచ్చిన చోట జిగురు బొట్టు కారి గట్టిపడుతుంది. గుడ్డు పిందె లోపల, ఎదిగిన పురుగు మట్టిలో ఉంటాయి కనుక పైన కొట్టే మందు రెండింటికీ అందదు. పరాగసంపర్కం అయిన మరునాడే పిందెకు పలుచని నూలు సంచి గాని, కాగితపు సంచి గాని తొడగడం అన్నింటికంటే నమ్మకమైన పద్ధతి. పుచ్చిన కాయలను మట్టిలో పడనివ్వకుండా ప్లాస్టిక్ కవరులో మూతి కట్టి నాలుగు రోజులు ఎండలో పడేయండి, లోపలి పురుగులన్నీ చస్తాయి. కుండీ పైమట్టిని అప్పుడప్పుడు గుల్ల చేసి ఎండ తగలనివ్వండి. తీగజాతి కూరగాయలకు క్యూలూర్ ఎర పెట్టిన బుట్ట ఒకటి కట్టవచ్చు, అయితే దానికి పడేవి మగ ఈగలే కనుక ఒక్క బుట్టనే నమ్ముకోకూడదు. మామిడి, జామ తోటలకు వాడే మిథైల్ యూజినాల్ ఎరకు బీర మీది ఈగ రాదు, అడిగి సరైనది తీసుకోండి. పువ్వులు విచ్చుకునే వేళ ఏ పిచికారీ చేయకండి, వచ్చే కొద్ది తేనెటీగలు కూడా దూరమైతే ఆపై ప్రతి పువ్వుకూ మీరే నిలబడాలి.

బీర ఆకుల మీద ముందు ముందు తెల్లని పొడి వలయాలు కనిపిస్తే బూడిద తెగులు. ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి వారానికి ఒకటి రెండుసార్లు పొద్దున ఎండ వచ్చే వేళ కొట్టండి. ఇది వినడానికి ఇంటి చిట్కాలా ఉంటుంది గాని, 1999లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు గుమ్మడి జాతి మొక్కల మీద పరీక్షించి ప్రచురించిన విషయం. తెగులు మొదట్లోనే అయితే బాగా ఆగుతుంది, ఆకంతా తెల్లబడ్డాక కాదు.

మనీప్లాంట్ చుట్టూ ఎగిరే ఈగలు మొక్కను చంపవు, మట్టి ఎప్పుడూ తడిగా ఉంటోందని చెప్పడానికి వచ్చాయి. పైన రెండంగుళాల మట్టి పూర్తిగా పొడిబారేదాకా నీళ్లు పోయకండి, కుండీ కింది పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి, పైన అంగుళం మందాన శుభ్రమైన ఇసుక పరవండి. వాటి పిల్లలు బతికేది తడి పైమట్టిలోనే కనుక మూడు వారాల్లో కనిపించకుండా పోతాయి. ఏసీ గదిలో ఉన్న మొక్కల ఆకుల అడుగున సాలెగూడులాంటి సన్నని బూజు, పైన సూదితో పొడిచినట్టు తెల్లని చుక్కలు కనిపిస్తే మాత్రం ఎర్రనల్లి. వారానికోసారి స్నానాల గదిలో పెట్టి ఆకులు కడిగితే చాలావరకు సరిపోతుంది.

మీరు అడగకపోయినా మట్టి గురించి కొంత చెప్పక తప్పదు. మొక్క బాగా పెరగాలని వారం వారం పశువుల ఎరువు, ఆవపిండి చెక్క నీళ్లు అదే పనిగా పోస్తే చిగుళ్లు మెత్తగా, రసం నిండి వస్తాయి, పేనుబంక, పిండినల్లి మొదట వాలేది వాటి మీదే. నెలకొకసారి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు, ఒక గుప్పెడు వేపపిండి ఒక మధ్యరకం కుండీకి చాలు. టమాటా గాని బెండ గాని ఎంత చేసినా ఎదగకపోతే పీకి వేర్లు చూడండి. ముత్యాల్లాంటి బుడిపెలుంటే మట్టిలో ఉండి వేర్లలో చేరే నులిపురుగులు పట్టినట్టు. ఆ మట్టిని పారేయనక్కరలేదు. ఏప్రిల్, మే నెలల్లో మట్టిని తడిపి, మిద్దె మీద నాలుగు అంగుళాల మందాన పరిచి, పారదర్శకమైన పాలిథీన్ పట్టా కప్పి, అంచుల నుంచి గాలి పోకుండా ఇటుకలు పెట్టి 4 నుంచి 6 వారాలు వదిలేయండి. 1976లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు వెలుగులోకి తెచ్చిన ఈ పద్ధతికి హైదరాబాద్ వేసవిని మించిన అనువైన చోటు లేదు. నల్ల పట్టా వేస్తే వేడి లోపలికి అంతగా దిగదు, పారదర్శకమైనదే కావాలి. తర్వాత ఆ మట్టిలో వర్మీకంపోస్టుతో పాటు ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రపు పొడి కలిపి, వారం పాటు నీడలో తేమగా ఉంచి, అప్పుడు నారు పోసుకుంటే నారుకుళ్లు కూడా తగ్గుతుంది.

ఈ వారం మీరు చేయవలసిన పనుల వరుస ఇది. ముందు మందారకు చీమల పట్టీ కట్టి, కొమ్మలు కత్తిరించి కడగండి. రేపు పొద్దున మిరప చిగురు కింద తెల్ల కాగితం పట్టి తట్టండి, సాయంత్రం బీర ఆడపువ్వులకు పుప్పొడి తాకించండి. మిరపది బొబ్బర తెగులైతే ఆలస్యం చేయకుండా ఆ మొక్కలు తీసేసి, మళ్లీ నారు పోసేటప్పుడు నారుమడి మీద సన్నని నైలాన్ వల కప్పండి. మొదటి నెల రోజులు తెల్లదోమ తాకకుండా పెరిగిన మిరపకు ఆ తర్వాత తెగులు సోకినా కాపు పూర్తిగా పోదు. ముడిచిన ఆకు ఏ వైపుకు ముడిచిందో, కాగితం మీద ఏం పడిందో చూసి రాయండి, దాన్ని బట్టి గంధకమా, వేపా, పీకివేతా అన్నది చెబుతాను.